‘రికార్డర్’కి ఒక్క తెలుగు మాట సరిపోదు

మీరు అడిగింది ఇది: లెక్క రాసే మనిషినీ, దానంతట అదే లెక్క నమోదు చేసే యంత్రాన్నీ ఇంగ్లీషులో ‘రికార్డర్’ అనే అంటారు కదా, మా నీటిసంఘం ఫారాలు తెలుగు చేస్తున్నాం, రెండింటికీ సరిపోయే మాట ఏదైనా ఉందా?

లేదు. కొత్తగా పుట్టించవద్దని కూడా నా మనవి. అలా పుట్టించి నేను ఒకసారి ఇబ్బంది పడ్డాను.

కొన్నేళ్ల కిందట వర్షపాతం నమోదు చేసే సిబ్బంది కోసం ఒక చిన్న శిక్షణ పుస్తకం తెలుగు చేశాను. అందులో రెండు రకాల పరికరాలున్నాయి. ఒకటి మామూలుది. రోజూ ఉదయం 8.30కి మనిషి వెళ్లి, గరాటు తీసి, సీసాలో చేరిన నీళ్లు కొలత గ్లాసులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి రిజిస్టర్లో వేయాలి. రెండోది తనంతట తానే రాసుకునేది. గడియారం తిప్పే డ్రమ్ము మీద గీతల కాగితం చుట్టి ఉంటుంది. వాన నీరు చేరేకొద్దీ లోపల తేలే డబ్బా పైకి లేస్తుంది, దానికి తగిలించిన కలం కాగితం మీద గీతను పైకి లాగుతుంది. 10 మిల్లీమీటర్లు నిండగానే సైఫను అనే వంపు గొట్టం నీళ్లన్నీ ఒక్కసారిగా బయటికి లాగేస్తుంది. కలం సున్నాకి దిగి మళ్లీ ఎక్కడం మొదలుపెడుతుంది. కాగితం చూస్తే వాన ఏ గంటకి జోరందుకుందో, ఎప్పుడు తెరిపిచ్చిందో తెలిసిపోతుంది. నాకు ఇప్పటికీ అదంటే ఎంతో ఇష్టం.

దీనికి నేను ‘వర్షపాత లేఖరి’ అని పేరు పెట్టాను. వినడానికి బాగానే ఉందనుకున్నాను. పుస్తకం అచ్చుకి వెళ్లేముందు సిబ్బందికి చదివి వినిపిస్తుంటే ఒక అటెండరుగారు అడిగారు: “ఈ లేఖరి ఎన్నింటికి వస్తాడండీ? కాగితం ఆయన మారుస్తాడా, నేను మార్చాలా?” ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. ఆయనకి తెలిసిన లేఖరి రిజిస్ట్రారు ఆఫీసు ముందు బల్ల వేసుకుని కూర్చునే దస్తావేజు లేఖరి. ఎవరో వచ్చి మారుస్తారులే అని కాగితం వదిలేస్తే డ్రమ్ము రెండో చుట్టు తిరిగి గీత మీద గీత పడుతుంది, ఆ రోజు వాన లెక్క చెడిపోతుంది. నేను వేసిన ఒక్క మాటతో అంత పనీ జరిగి ఉండేది.

అప్పుడు ‘లేఖిని’ అని మార్చాను. లేఖిని అంటే కలం, ఆ యంత్రంలో నిజంగానే కలం ఉంది. భూకంపలేఖిని అన్న మాట ముందే ఉంది కాబట్టి చదివేవాళ్లకి దారి దొరికింది. కానీ ఇప్పుడు వాడే కొన్నింటిలో కలమే లేదు. చిన్న దొప్ప నిండి ఒక పక్కకి ఒరుగుతుంది, ఒరిగిన ప్రతిసారీ ఒక లెక్క పడుతుంది. దాన్ని లేఖిని అనడానికి నాకు మనసొప్పదు. కరెంటు మీటరు మన ఇళ్లలో గోడెక్కి ఎన్నేళ్లయింది! ‘మీటరు తిరుగుతోంది’, ‘రీడింగు తీసుకెళ్లారు’ అని అందరం అంటాం. అది ఇక తెలుగు మాటే. అలాంటి యంత్రాన్ని వాన మీటరు అంటే చాలు.

మనుషుల సంగతి వేరు. అక్కడ మనకి మాటలు కొల్లలు. మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో ఒక ధాన్యం కొట్టులో గుమాస్తాగా చేసేవారు. ఆయన నోట ‘రికార్డు’ అన్న మాట నేను వినలేదు. ఏ రోజు లావాదేవీ ఆ రోజు వరసగా రాసేది చిట్టా. అందులోంచి తీసి ఎవరి పేరున వాళ్లకి ఎక్కించేది ఆవర్జా. రాత్రి ఇంటికొచ్చాక కూడా “ఫలానా రైతు పద్దు ఎక్కించానా లేదా” అని గుర్తొస్తే అన్నం ముందునుంచి లేచి చెప్పులు వేసుకునేవారు. పద్దు ఎక్కకపోతే ఆ రైతు రేపు వచ్చి ఏ ఆధారం చూపించి అడుగుతాడు? ఆ భయం ఆయనకి ఉండేది.

గుమాస్తా అన్నది పారసీ మాట, నియమించబడ్డవాడు అని అర్థం. అంటే ఆయన షావుకారు తరఫు మనిషి. కరణం ఊరి లెక్క రాసేవాడు, భూమి శిస్తు అడిగే సర్కారు తరఫు మనిషి. తెలంగాణలో అదే పని పట్వారీది. ఏ సర్వే నంబరులో ఎవరు సాగు చేస్తున్నారు, ఏ పంట వేశారు అన్నది మా వైపు అడంగల్‌లో ఉంటే, అక్కడ పహాణీలో ఉండేది. ఇంకా వెనక్కి వెళితే తాటాకుల లెక్కల పుస్తకమైన కవిలె, దాని మీద రాసే ఇనప గంటం. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. అయినా మా ఊరి పెద్దవాళ్లు తర్వాత వచ్చిన ఉద్యోగిని చాలాకాలం కరణంగారనే పిలిచారు. చూడండి, ఈ మాటల్లో ఏ ఒక్కటీ ఉత్తినే ‘రాసేవాడు’ అని చెప్పదు. ఎవరి కోసం రాస్తున్నాడో కూడా చెబుతుంది. అందుకే మీ సంఘంలో నీటి లెక్క రాసే మనిషిని కరణం అనవద్దు, గుమాస్తా అనవద్దు. రెండు మాటల వెనకా ఒక యజమాని ఉన్నాడు. మీ సంఘంలో రాసే మనిషీ, నీళ్లు పారించుకునే రైతూ ఒకరికొకరు సాటివాళ్లు.

మీ ఫారంలో సంతకం పెట్టేచోట ‘నమోదు చేసినవారు’ అని వేయండి, ఆడవాళ్లకీ మగవాళ్లకీ సరిపోతుంది. కాలవ మీది పరికరానికి ‘నీటి మీటరు’ అనండి. ‘లాగ్ బుక్’ అన్నచోట ‘నీటి చిట్టా’ చక్కగా అతుకుతుంది, ఎందుకంటే అది కూడా రోజువారీ రాసేదే. రైతువారీగా విడదీసే పుస్తకం ఉంటే దానికి ఆవర్జా అన్న మాటని కుర్రవాళ్లు గుర్తుపట్టకపోవచ్చు, ‘ఖాతా పుస్తకం’ అనండి. అచ్చు వేయించే ముందు మాత్రం కాలవ తూములు చూసే లస్కరుగారిని కూర్చోబెట్టి ఒకసారి పైకి చదివి వినిపించండి. ఆయన ఎక్కడ ఆగి ప్రశ్న అడిగితే అక్కడ మాట మార్చాలి.