స్ప్రింగును మరిచిన వ్యాసం: తమ్ముడికి ఉత్తరం

తమ్ముడూ,

రైఫిల్ స్కోప్ (గురి చూడటానికి తుపాకీ మీద బిగించే దుర్భిణి) మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. చదివిస్తుంది. కానీ అసలు చెప్పాల్సిన చోట "టరెట్ తిప్పితే గురి మారుతుంది" అని ఒక్క ముక్కలో దాటేశావు. టరెట్ అంటే స్కోపు మీద గురి సరిచేసే నాబ్ అని కూడా చెప్పలేదు. ఎలా మారుతుందన్నదే కదా వ్యాసం!

స్కోపు బయటి గొట్టం అడ్డుకొలత సాధారణంగా 25.4 లేదా 30 మిల్లీమీటర్లు. దాని లోపల ఇంకో సన్న గొట్టం ఉంటుంది, ఎరెక్టర్ ట్యూబ్. ముందరి కటకం తలకిందులు చేసిన బొమ్మను తిరిగి నిలబెట్టే కటకాలు ఇందులోనే ఉంటాయి. దీని కంటివైపు కొస కీలులాంటి అమరిక మీద నిలుస్తుంది, ముందు కొస కదులుతుంది. ఆ కొసను పైనుంచి ఒక మర, పక్కనుంచి ఒక మర నొక్కుతుంటే, రెండింటికీ ఎదురు మూలనుంచి స్ప్రింగు తోస్తుంటుంది. టరెట్లు తిప్పేది ఈ మరలనే. నీ వ్యాసంలో స్ప్రింగు పేరే లేదు. రోగాలన్నీ అక్కడే పుడతాయి.

ఎందుకంటావా? మర నెట్టగలదు, లాగలేదు. తూటా పైకి తగలాలని టరెట్‌ను 'అప్' వైపు తిప్పితే మర పైకి తప్పుకుంటుంది, అంతే. దాని వెంట ట్యూబును లేపాల్సింది స్ప్రింగే. అది నీరసించినా, లోపలి గ్రీజు గట్టిపడినా ట్యూబు ఉన్నచోటే ఉండిపోతుంది. ఒక తూటా పేలాక ఆ అదురుకి కదులుతుంది. అంటే మొదటి తూటా పాత చోట, రెండోది కొత్త చోట. క్లిక్కులు (టరెట్ తిరిగేటప్పుడు 'టక్' మనే మెట్లు) తిప్పాక టరెట్ మీద వేలితో రెండు తట్లు తట్టే అలవాటు అందుకే వచ్చింది. పైకి తిప్పేకొద్దీ స్ప్రింగు సాగి, పట్టు తగ్గుతుందనీ రాయి.

'టక్' మనే శబ్దం పాత ఫ్యాను రెగ్యులేటర్‌లో వచ్చేలాంటిదే: పళ్ల చక్రం గాడిలో చిన్న గోళీ పడుతుంది. నాబ్ తిరిగిందని అది చెబుతుంది. ట్యూబు కదిలిందో లేదో దానికి తెలీదు.

క్లిక్కంటే "పావు అంగుళం" అని రాశావు. క్లిక్ కోణం, దూరం కాదు. డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని నిమిషం అంటారు. పావు నిమిషం క్లిక్ 100 మీటర్ల దగ్గర 7.3 మిల్లీమీటర్లు, 200 దగ్గర 14.5. తూటా 100 మీటర్లలో 6 సెంటీమీటర్లు కింద తగిలితే 8 క్లిక్కులు పైకి. లెక్క వేసి చూపించు, పాఠకుడు నమ్ముతాడు.

పరీక్ష కూడా చేర్చు. గురి ఒకే చుక్క మీద ఉంచి ఒకటి కాల్చాలి. 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకి తిప్పుతూ ప్రతిసారీ ఒకటి. చతురస్రం మూసుకుని చివరి తూటా మొదటి దాని పక్కనే పడాలి. స్కోపును రైఫిల్ మీద వంకరగా బిగిస్తే చతురస్రం పక్కకి ఒరుగుతుంది. ఆ తప్పు స్కోపుది కాదు.

గగన్ నారంగ్ ప్రస్తావన తీసెయ్. 2012 లండన్‌లో మన హైదరాబాదీ కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో స్కోపులు ఉండవు, చిన్న రంధ్రంలోంచి చూసే సైట్లే.

ట్యూబు, రెండు మరలు, స్ప్రింగు కనిపించేలా అడ్డుకోత బొమ్మ ఒకటి గీసి, మళ్లీ పంపు.

మీ అన్నయ్య