సెనేట్ ప్రైమరీలో పనికి దిగిన మేనకోడలికి

చి. కీర్తనకి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు సెనేట్ ప్రైమరీలో ఒక అభ్యర్థి తరఫున పనికి ఒప్పుకున్నావట, అదీ మీ నాన్న ఓటేసే పార్టీ కాదట, ఇంట్లో మాటల్లేవట. నాన్న సంగతి వదిలెయ్, నాలుగు రోజులు పోతే ఆయనే మాట్లాడతాడు. నేను మాత్రం పని గురించి రాస్తున్నాను. డల్లాస్ చుట్టుపక్కల తలుపులు తట్టడం మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. రెండు పార్టీల వాళ్ళూ ఏదో ఒక ఏడు నన్ను తిట్టుకున్నవాళ్ళే కాబట్టి, నాకు పక్షపాతం అంటగట్టకు.

ముందు ఈ పోరు ఇంత చేదుగా ఎందుకు ఉంటుందో తెలుసుకో. మన దగ్గర పార్టీ టికెట్ అంటే హైకమాండ్ చేతిలోని బి-ఫారం. రానివాడు రెబల్‌గా నామినేషన్ వేస్తాడు, పెద్దలు బుజ్జగిస్తారు, ఉపసంహరణ గడువుకి సగం మంది తప్పుకుంటారు. ఇక్కడ బి-ఫారం ఇచ్చేది ఓటర్లే, నవంబరుకి ముందు ప్రైమరీ అనే పార్టీ లోపలి ఎన్నికలో. మన దగ్గర తలుపులు మూసుకుని జరిగే అసమ్మతి ఇక్కడ నెలల తరబడి టీవీ ప్రకటనల్లో జరుగుతుంది. పైగా ఇద్దరిదీ ఒకే పార్టీ. పన్నుల మీద, తుపాకుల మీద, వైద్యం మీద పెద్ద తేడా ఉండదు. ఓటర్లకి చూపించడానికి తేడా లేనప్పుడు ఇక మనిషి మీదే పడతారు. ఎవడు అసలైన పార్టీ మనిషి, ఎవడు దొంగ మనిషి, ఎవడు ఎవరి దగ్గర డబ్బు తీసుకున్నాడు అని.

2012లో మన టెక్సాస్‌లో చూశాం. కే బెయిలీ హచిసన్ ఖాళీ చేసిన సీటుకి రిపబ్లికన్ ప్రైమరీలో లెఫ్టినెంట్ గవర్నర్ డేవిడ్ డ్యూహర్స్ట్, రాష్ట్ర ప్రభుత్వం తరఫున కోర్టుల్లో వాదించిన మాజీ సొలిసిటర్ జనరల్ టెడ్ క్రూజ్ తలపడ్డారు. డ్యూహర్స్ట్‌కి సొంత డబ్బుంది, గవర్నర్ రిక్ పెర్రీ అండ ఉంది. క్రూజ్ ఎప్పుడూ ఏ ఎన్నికలోనూ గెలిచినవాడు కాదు, పన్నులూ ప్రభుత్వ ఖర్చూ తగ్గాలనే టీ పార్టీ వర్గం రిపబ్లికన్లు మాత్రం వెనక ఉన్నారు. క్రూజ్ లాయరుగా ఒక చైనా టైర్ల కంపెనీ తరఫున వాదించాడని డ్యూహర్స్ట్ మనుషులు ప్రకటనలు గుప్పిస్తే, డ్యూహర్స్ట్ మెతక మనిషి, రాజీల మనిషి అని క్రూజ్ మనుషులు గుప్పించారు. నియోజకవర్గాల సరిహద్దుల కేసు కోర్టులో నలగడంతో మార్చిలో జరగాల్సిన ప్రైమరీ మే 29కి వాయిదా పడింది. పేరు తెలియని అభ్యర్థికి ఆ రెండున్నర నెలలే వరమయ్యాయి.

ఇప్పుడు అంకెలు చూడు. మొదటి రౌండ్‌లో డ్యూహర్స్ట్‌కి 6 లక్షల 27 వేలు, క్రూజ్‌కి 4 లక్షల 80 వేలు. డ్యూహర్స్ట్ ముందున్నాడు కానీ సగం దాటలేదు, 44.6 శాతం దగ్గర ఆగాడు. టెక్సాస్‌లో సగం దాటకపోతే మొదటి ఇద్దరికీ రనాఫ్, అంటే ఇద్దరి మధ్యే మళ్ళీ ఓటింగ్. జులై 31న రనాఫ్‌లో క్రూజ్‌కి 6 లక్షల 31 వేలు, డ్యూహర్స్ట్‌కి 4 లక్షల 80 వేలు. సరిగ్గా తిరగబడింది. డ్యూహర్స్ట్‌కి మొదటిసారి వేసినవాళ్ళు ఒక్కరు కూడా తగ్గకుండా రెండోసారీ వచ్చి ఉంటే ఫలితం ఇంచుమించు సరిసమానంగా ఉండేది. జులై ఎండలో వాళ్ళు రాలేదు. క్రూజ్ మనుషులు వచ్చారు, కొత్తవాళ్ళని కూడా తెచ్చారు. కోటీ ముప్పై లక్షల మంది ఓటర్లున్న రాష్ట్రంలో సెనేటర్ ఎవరో తేల్చినవాళ్ళు 11 లక్షల మంది. నువ్వు ఆఫీసులో కూర్చుని రాత్రంతా ట్విట్టర్‌లో ఎవరినో కడిగేస్తున్నప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకో. ఆ 11 లక్షల మందిలో నీ పేటలో ఉన్నవాళ్ళెవరో కనిపెట్టి, రెండుసార్లు బూత్ దాకా రప్పించడమే నీ పని. మిగతాదానికి జీతాలు తీసుకునేవాళ్ళు వేరే ఉన్నారు.

దానికి ఆధారం నీకిచ్చే లిస్టు. టెక్సాస్‌లో పార్టీ రిజిస్ట్రేషన్ లేదు. ప్రైమరీ రోజున ఏ పార్టీ బ్యాలెట్ అడిగితే ఆ పార్టీ ఓటరు. ఏ ఏడు ఏ ప్రైమరీలో ఓటేశారో రికార్డులో ఉంటుంది, ఎవరికి వేశారో ఉండదు. మనవాళ్ళు గుమ్మంలోనే అడుగుతారు, "మేం ఎవరికి వేశామో మీకు తెలిసిపోతుందా?" అని. తెలియదని నెమ్మదిగా చెప్పు, నవ్వకు. ఆ భయంతోనే ప్రైమరీకి రానివాళ్ళు ఎందరో ఉన్నారు. గత మూడు ప్రైమరీల్లోనూ నీ పార్టీ బ్యాలెట్ తీసుకున్నవాళ్ళ ఇళ్ళకి ముందు వెళ్ళు. నవంబరు అసలు ఎన్నికలో మాత్రమే ఓటేసే ఇంటి ముందు అరగంట వాదించి గెలిచినా మార్చిలో నీకొచ్చేదేమీ లేదు.

తలుపు దగ్గర సంగతి. గంట కొట్టి రెండడుగులు వెనక్కి నిలబడు. మన పేటల్లో ప్రతి గుమ్మానికీ కెమెరా ఉంటుంది, అది మాటలు కూడా పట్టుకుంటుంది. తలుపు తియ్యలేదని విసుక్కుంటూ పక్కనున్న వాలంటీరుతో తెలుగులో ఏదో అనేస్తావు. డల్లాస్ పక్కనున్న మన ఫ్రిస్కోలో ఆ ఇంటివాళ్ళు కూడా తెలుగువాళ్ళే అయి ఉంటారు, సాయంత్రానికి అది వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. కరపత్రం తలుపు సందులో పెట్టు, మెయిల్ బాక్సులో వెయ్యకు, అది ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. అవతలివాడు మీ ప్రత్యర్థి మనిషని తెలిస్తే వాదన పెట్టుకోకు. "ఆయన కూడా మనవాడే, మావాడు ఎందుకు మెరుగో ఒక్క మాట చెప్పి వెళ్తాను" అను. ఆ ఒక్క మాట నిజంగా ఒక్క మాటే అవ్వాలి. లిస్టులో "వ్యతిరేకం" అని నొక్కేసి ఊరుకోకు, ఏ కారణం చెప్పారో రాసుకో. రనాఫ్ వస్తే ఆ కాగితమే నీకు బంగారం.

రనాఫ్ గురించి ఒక నియమం కంఠతా పట్టు. మొదటి రౌండ్‌లో అవతలి పార్టీ ప్రైమరీలో ఓటేసినవాడు నీ పార్టీ రనాఫ్‌లో వెయ్యలేడు. మొదటిసారి అసలు ఓటే వెయ్యనివాడు మాత్రం వెయ్యొచ్చు. కాబట్టి మార్చి రాత్రి ఫలితం రాగానే నీకు మూడు గుంపులుంటాయి: మీవాళ్ళు, ఓడి తప్పుకున్న మూడో అభ్యర్థి మనుషులు, ఇంట్లో కూర్చున్నవాళ్ళు. మూడో అభ్యర్థి మనుషుల్ని మొదటి రౌండ్‌లో నువ్వు ఎలా పలకరించావో అప్పుడు లెక్కకొస్తుంది.

మిసిసిపీ రిపబ్లికన్ ప్రైమరీలో 2014లో ఇదే జరిగింది. ఎన్నో ఏళ్ళుగా సెనేటర్‌గా ఉన్న థాడ్ కాక్రన్‌కి 49 శాతం, ఆయన మీద నిలబడ్డ క్రిస్ మెక్‌డానియెల్‌కి 49.5, పేరు కూడా ఎవరికీ గుర్తులేని మూడో ఆయనకి ఒకటిన్నర. ఆ ఒకటిన్నర వల్ల జూన్ 24న రనాఫ్ వచ్చింది. కాక్రన్ మనుషులు మొదటిసారి ఓటెయ్యని నల్లజాతి ఓటర్ల దగ్గరికి వెళ్ళారు, వాళ్ళలో ఎక్కువమంది డెమొక్రాట్లే. నియమం ప్రకారం అందులో తప్పు లేదు. మామూలుగా రనాఫ్‌కి ఓట్లు తగ్గుతాయి, అక్కడ పెరిగాయి. ఏడు వేల చిల్లర ఓట్లతో కాక్రన్ గట్టెక్కాడు. మెక్‌డానియెల్ ఓటమి ఒప్పుకోకుండా కోర్టుకెక్కాడు, ఫిర్యాదు ఆలస్యంగా వేశారని రాష్ట్ర సుప్రీంకోర్టు అక్టోబరులో కొట్టేసింది.

ఆ ఎన్నికలోనే ఇంకో ఘోరం కూడా జరిగింది. కాక్రన్ భార్య మతిమరుపు జబ్బుతో నర్సింగ్ హోమ్‌లో మంచాన ఉండేది. మెక్‌డానియెల్‌ని అభిమానించే ఒక బ్లాగరు లోపలికి దూరి ఆమె వీడియో తీసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. తమకి సంబంధం లేదని మెక్‌డానియెల్ శిబిరం చెప్పింది. అరెస్టులు జరిగాయి, నిందితుల్లో ఒకాయన ప్రాణం తీసుకున్నాడు. వీళ్ళెవరూ అభ్యర్థి జీతగాళ్ళు కారు, ఉత్సాహం ఎక్కువైన కార్యకర్తలు. నీకూ ఎవరో ఒక రాత్రి ప్రత్యర్థి ఇంటి విషయమో, ఆరోగ్యం విషయమో, పిల్లల విషయమో పంపి "ఇది నువ్వు పెట్టు, ఆఫీసు పేరు రాకూడదు" అంటారు. పెట్టకు. ఆ మెసేజ్ తుడిచెయ్యకుండా, ఆలోచించకుండా నీ పైవాళ్ళకి పంపు. వాళ్ళే పెట్టమన్నారంటే ఆ ఉద్యోగం నీకు వద్దు, నేరుగా ఇంటికి వచ్చెయ్.

గట్టిగా కొట్టొద్దని నేననను. 2010లో పెన్సిల్వేనియా చూడు. దాదాపు మూడు దశాబ్దాలు రిపబ్లికన్ సెనేటర్‌గా ఉన్న ఆర్లెన్ స్పెక్టర్, 2004 ప్రైమరీలో పాట్ టూమీ చేతిలో ఓడినంత పనై, మళ్ళీ అతనితో పోటీ తప్పదని తెలిసి 2009లో డెమొక్రాటిక్ పార్టీలోకి దూకాడు. అధ్యక్షుడు ఒబామా దగ్గర్నుంచి పెద్దలంతా ఆయన వైపే. డెమొక్రాటిక్ ప్రైమరీలో ఆయన మీద నిలబడ్డ జో సెస్టాక్ ఏం చేశాడంటే, పార్టీ మారడం వల్ల తాను మళ్ళీ గెలవగలనని స్పెక్టర్ స్వయంగా అన్న ముక్కనే టీవీలో వేయించాడు. అబద్ధం లేదు, ఇంట్లోవాళ్ళ ఊసు లేదు. 54-46తో గెలిచాడు. అలాంటి దెబ్బ ఎంత గట్టిగా కొట్టినా నాకు అభ్యంతరం లేదు. నవంబరులో సెస్టాక్ టూమీ చేతిలో రెండు శాతం తేడాతో ఓడిపోయాడనుకో. "ప్రైమరీ వల్లే ఓడాం" అనేవాళ్ళు అప్పుడూ ఉన్నారు. నేను నమ్మను, ఆ ఏడు దేశమంతా గాలి రిపబ్లికన్ల వైపే వీచింది.

"ఓడినవాడు ఇండిపెండెంటుగా దిగితే?" అని ఎవరైనా నిన్ను భయపెడితే, కనెటికట్‌లో 2006లో సెనేటర్ జో లీబర్మన్ డెమొక్రాటిక్ ప్రైమరీలో నెడ్ లామాంట్ చేతిలో ఓడి, విడిగా నిలబడి నవంబరులో గెలిచిన మాట నిజమే. టెక్సాస్ చట్టం దాన్ని ఒప్పుకోదు. ఆ చర్చ మీద టైం వేస్ట్ చెయ్యకు.

ఇక మనవాళ్ళ సంగతి. ఇక్కడే నీ వల్ల ఎక్కువ మేలూ ఎక్కువ చేటూ జరిగేది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు చందా ఇవ్వొచ్చు, హెచ్-1బి వాళ్ళూ విద్యార్థులూ ఇవ్వకూడదు. జీతం లేకుండా వాలంటీరుగా వచ్చి ఫోన్లు చెయ్యొచ్చు. సిటిజన్ కానివాళ్ళని, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, పొరపాటున కూడా ఓటరు నమోదు ఫారం మీద సంతకం పెట్టించకు. దానివల్ల వాళ్ళ ఇమ్మిగ్రేషన్ బతుకే తలకిందులవుతుంది. చందాకి 2025-26లో ఒక్కో మనిషికి ఒక్కో ఎన్నికకి 3,500 డాలర్లు పరిమితి, ప్రైమరీ, రనాఫ్, నవంబరు వేరువేరు. మనవాళ్ళలో కొందరు పెద్ద మనుషులు ఉత్సాహంగా "మా ఆఫీసులో పదిమంది చేత ఇప్పిస్తాను, వాళ్ళకి బోనస్‌లో సర్దుతాను" అంటారు. అది నేరం. ఆయన ఎంత పెద్దవాడైనా, మీ నాన్నకి ఎంత స్నేహితుడైనా, ఆ మాట విన్న క్షణమే వద్దని చెప్పు. తెలుగు సంఘాలు చాలావరకు 501(సి)(3) కింద, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థలుగా ఉన్నవి, అవి ఏ అభ్యర్థినీ సమర్థించకూడదు. ఉగాది వేదిక మీద మీ అభ్యర్థికి శాలువా కప్పించాలని నీకు అనిపిస్తుంది. సంఘం సెక్రటరీని ఆ ఇరకాటంలో పెట్టకు, ఎవరింట్లోనైనా టీకి పిలిపించు.

బూత్ దగ్గర వంద అడుగుల గీత ఉంటుంది. దాని లోపల ప్రచారం కుదరదు, అభ్యర్థి పేరున్న టీషర్టు వేసుకుని ఓటెయ్యడానికి వెళ్ళినా వెనక్కి పంపుతారు. పైన వేసుకోవడానికి ఒక స్వెట్టరు కారులో పెట్టుకోమని నీ వాలంటీర్లకి చెప్పు. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. ముందస్తు ఓటు ఎవరి కౌంటీలో వాళ్ళే వెయ్యాలి. వీధి దాటితే కౌంటీ మారిపోయే చోట ఈ ఒక్క ముక్క ముందే చెప్పకపోతే ఓటరు లైన్లో నిలబడి నిలబడి తిరిగిపోతాడు.

చివరికి మే నెల. రనాఫ్ మే నాలుగో మంగళవారం. ముందస్తు ఓటింగ్ ఆ ముందు వారంలో ఇంచుమించు అయిదు రోజులే. బడులు మూసే రోజులూ అవే, మనవాళ్ళు సగం మంది హైదరాబాద్, విజయవాడ విమానాలెక్కేదీ అప్పుడే. ముందస్తు ఓటింగ్ రోజులన్నీ, ఎన్నిక రోజూ కౌంటీలో లేనివాళ్ళు పోస్టులో ఓటు అడగొచ్చు. దరఖాస్తు ఎన్నికకి 11 రోజుల ముందే కౌంటీకి చేరాలి, బ్యాలెట్ వాళ్ళ ఇండియా అడ్రసుకే వెళ్తుంది. పోస్టు ఆలస్యం సంగతి నీకు తెలుసు కదా, ఏప్రిల్‌లోనే అడిగించు. మధ్యలో ప్రయాణమయ్యేవాళ్ళని సోమవారం పొద్దున్నే బూత్‌కి తీసుకెళ్ళు. 65 దాటిన సిటిజన్ తాతయ్యలకీ అమ్మమ్మలకీ ప్రయాణంతో పనిలేకుండా పోస్టు ఓటు హక్కుంది, ఫారం ఎక్కడ దొరుకుతుందో చెప్పు. వాళ్ళ బ్యాలెట్ కవరు మాత్రం నువ్వు చేత్తో కూడా ముట్టుకోకు, టెక్సాస్‌లో దానికి కేసులు పెడతారు. ప్రతి ఇంటి పక్కనా ప్రయాణం తేదీ రాసుకునే గడి ఒకటి నీ లిస్టులో ఇప్పుడే పెట్టుకో.

నువ్వు మాత్రం మే టికెట్లు కొనకు. జూన్‌లో వస్తావని అమ్మమ్మకి నేను చెప్తాను.

మీ మావయ్య