రంగప్రవేశమా, అరంగేట్రమా?

సందేహం: మా కాలేజీ సంచికకు ఇంగ్లిష్ నాటకకర్త షెరిడన్ మీద వ్యాసం రాస్తూ ‘1775లో ది రైవల్స్ నాటకంతో షెరిడన్ రంగప్రవేశం చేశాడు’ అన్నాను. మా మాస్టారు ‘రంగప్రవేశం’ కొట్టేసి ‘అరంగేట్రం’ అని దిద్దారు. అరంగేట్రం నాట్యం చేసేవాళ్లకి కదండీ? ఏది ఒప్పు?

సమాధానం: మీ మాస్టారు దిద్దిందే ఒప్పు. ఎందుకో చెబుతాను.

రంగప్రవేశం చేసేది పాత్ర, లేదా ఆ వేషం కట్టిన నటుడు. భామాకలాపంలో ఇద్దరు తెర పట్టుకుంటారు. సత్యభామ తెర వెనక నిలబడి జడ తెచ్చి తెర మీదుగా ఇవతలికి వేస్తుంది, ప్రవేశ దరువు అనే పాట అందుకుంటారు, తెర తీస్తారు. అదీ రంగప్రవేశమంటే. ది రైవల్స్‌లో మొదటి అంకం రెండో రంగంలో మిసెస్ మాలాప్రాప్ సర్ ఆంటొనీతో కలిసి వస్తుంది. అది ఆవిడ రంగప్రవేశం. షెరిడన్ తండ్రి థామస్ నటుడు, ఆయన గురించి రాసి ఉంటే మీ మాట అతికినట్టు సరిపోయేది. కొడుకు నాటకం రాసినవాడు. ‘రాజకీయ రంగప్రవేశం’ అంటున్నాం కదా అంటారేమో. ఆ వాడుకను తప్పనను. కానీ నాటకాల ప్రస్తావనలో రంగం అనగానే వేదికే కళ్ల ముందు మెదులుతుంది. చదివేవారు షెరిడన్ ముఖానికి రంగు వేసుకున్నాడనుకునే ప్రమాదం ఉంది.

ఇక అరంగేట్రం. ఇది తమిళం నుంచి వచ్చింది. తమిళంలో మాట మొదట్లో రేఫ, అంటే ‘ర’, నిలవదు, ముందు ఒక అచ్చు చేరుతుంది. రాముడు ఇరామన్ అయినట్టే రంగం అరంగం అయింది. రెండో సగం ఏఱ్ఱం. ఱ్ఱ అని రాసి ట్ర అని పలుకుతారు, మనం పలుకుబడినే తీసుకున్నాం. ఏట్రమంటే ఎక్కడం. పొలానికి నీళ్లు తోడే ఏతాన్ని కూడా తమిళులు ఏట్రమనే అంటారు, మన ఏతం దానికి చుట్టం.

ఎక్కేది మనిషే కానక్కర్లేదన్నది ఇక్కడ అసలు సంగతి. తమిళ దేశంలో కవి తన కావ్యాన్ని పండితుల సభలో మొదటిసారి చదివి వినిపించడాన్నీ అరంగేట్రమే అంటారు. కంబర్ తన రామాయణాన్ని శ్రీరంగం గుడిలో అరంగేట్రం చేశాడని సంప్రదాయం, ఆ మండపాన్ని ఇప్పటికీ చూపిస్తారు. సభ ఆక్షేపిస్తే కవి సమాధానం చెప్పుకోవాలి, ఒప్పించుకోవాలి. నాట్యానికే అరంగేట్రమని మనం అనుకోవడం ఆ మాట అర్థంలో సగమే మన దాకా రావడం వల్ల.

షెరిడన్‌కి మన దాకా రాని ఆ సగం అర్థమే కావాలి. 1775 జనవరి 17న లండన్ కోవెంట్ గార్డెన్‌లో ది రైవల్స్ మొదటిసారి ఆడేనాటికి అతనికి 23 ఏళ్లు. నాటకం మరీ పొడుగైంది. సర్ లూషియస్ ఓ ట్రిగ్గర్ పాత్ర ఐర్లండ్ వాళ్లని కించపరిచిందన్నారు, ఆ వేషం వేసిన జాన్ లీ నటన కూడా నచ్చలేదు, అతని మీదికి ఆపిల్ పండు విసిరారు. షెరిడన్ నాటకాన్ని వెనక్కి తీసుకున్నాడు. కోయాల్సింది కోసి, ఆ పాత్రను తిరగరాసి, లారెన్స్ క్లించ్ అనే నటుడికిచ్చి, 28న మళ్లీ ఆడించాడు. పదకొండు రోజుల్లో! ఈసారి సభ మెచ్చింది. నా మటుకు నాకు 17వ తేదీది తొలి ప్రదర్శన, 28వ తేదీది అరంగేట్రం.

ఆ ఏడాది మే నెలలో క్లించ్ సహాయార్థం ఆడిన సెయింట్ పాట్రిక్స్ డే గురించీ, నవంబరులో మొదలై ఆ సీజన్‌లో 75 సార్లు ఆడిన ద డ్యుయెన్నా గురించీ రాస్తే అక్కడ మాత్రం ‘తొలి ప్రదర్శన’ అనండి. తెలుగులో అరంగేట్రానికి ‘మొట్టమొదటిసారి’ అనే అర్థం గట్టిపడిపోయింది, ఒకే మనిషికి మళ్లీ మళ్లీ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘1775 జనవరిలో ది రైవల్స్‌తో షెరిడన్ నాటకకర్తగా అరంగేట్రం చేశాడు.’ ‘నాటకకర్తగా’ అన్న మాటను మాత్రం వదలకండి.