కిరణ్‌కి పెద్దమ్మ ఉత్తరం: ట్రాన్స్‌ప్లాంట్ ఆసుపత్రిని ఎలా చూసుకోవాలి

నాన్నా కిరణ్,

నిన్న నువ్వు డయాలసిస్ కుర్చీలోంచే ఫోన్ చేశావని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. "పెద్ద పేరున్న ఆసుపత్రి పెద్దమ్మా, వాళ్ల సక్సెస్ రేటు చాలా బాగుందట" అన్నావు. ఇక్కడ అమెరికాలో మీ పెదనాన్నని కిడ్నీ వెయిటింగ్ లిస్టులో పెట్టించినప్పుడు మేమూ సరిగ్గా ఆ మాటే నమ్మాం, నాలుగేళ్లు ఎదురుచూశాం. దాతల నుంచి వచ్చిన కిడ్నీల్లో చాలావాటిని ఆ ఆసుపత్రి వద్దనేస్తుందని రిపోర్టు చదివాకగానీ మాకు తెలియలేదు. ఫలానా రోజు మీకో కిడ్నీ వచ్చింది, మేం వద్దన్నాం అని ఒక్కసారైనా ఎవరూ చెప్పలేదు. ఆ బాధ నాకింకా పోలేదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఎస్‌ఆర్‌టీఆర్ అని ఇక్కడి ట్రాన్స్‌ప్లాంట్ల లెక్కలు చూసే ఒక రిజిస్ట్రీ ఉంది. దేశంలోని ప్రతి ట్రాన్స్‌ప్లాంట్ ఆసుపత్రి గురించీ ఆరు నెలలకోసారి రిపోర్టు ఇస్తుంది. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. డాక్టర్లూ, తనిఖీ చేసేవాళ్లూ చూసే లెక్కలే అవి. అందులో ఆసుపత్రికి ఐదు గీతలకి ఇన్ని అని రేటింగ్ ఉంటుంది. మూడు చూసి కంగారు పడకు, అలాంటి రోగులకి ఎంత ఫలితం రావాలో అంతే వచ్చిందని దానర్థం.

అందరూ ముందు చూసేది ఏడాది తర్వాత కిడ్నీ పనిచేస్తోందా అన్న అంకె. నిజానికి అది చాలాచోట్ల నూటికి తొంభై పైనే, ఆసుపత్రికీ ఆసుపత్రికీ తేడా కొద్దిగానే ఉంటుంది. పెద్ద తేడా ఎక్కడంటే, లిస్టులో చేరినవాళ్లకి ఎంత త్వరగా కిడ్నీ దొరుకుతోంది అన్నదాంట్లో. ప్రాణం నిలవడానికి ఎక్కువ సాయపడేది కూడా ఆ కొలతేనని రిజిస్ట్రీవాళ్లే చెబుతారు. నువ్వు ముందు అదే చూడు. నీది బి గ్రూపు, మనవాళ్లలో చాలామందికి ఉంటుందిగానీ ఇక్కడి దాతల్లో తక్కువ, కాబట్టి నీకు వేగం మరీ ముఖ్యం.

ఆ తర్వాత చూడాల్సింది, వచ్చిన అవయవాల్ని ఎంతవరకు ఒప్పుకుంటున్నారన్నది. రిపోర్టులో ఆ అంకె 1 ఉంటే అలాంటి కిడ్నీల్ని దేశమంతటా ఎంతగా తీసుకుంటారో వీళ్లూ అంతే, 0.5 ఉంటే అందులో సగమే. మంచి ఆసుపత్రులు కూడా కిడ్నీ తీసుకోవడానికి ఇంత భయపడటానికి కారణం ఉంది. 2007 నుంచి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఏడాది ఫలితాల్ని బట్టే ఆసుపత్రికి గుర్తింపు కొనసాగించేది, దాంతో కాస్త సందేహమున్న కిడ్నీనీ, కాస్త ఎక్కువ జబ్బున్న మనిషినీ పక్కన పెట్టడం చాలాచోట్ల అలవాటైపోయింది. 2019లో ఆ నిబంధన సడలించారు, 2023 నుంచి ఒప్పుకోలు లెక్కనీ, 2024 నుంచి లిస్టులో ఉండగా చనిపోయినవాళ్ల లెక్కనీ కూడా పర్యవేక్షణలోకి తెచ్చారు. ఇది ముందే జరిగుంటే ఎంత బాగుండేదో.

చిన్న ఆసుపత్రి విషయంలో మాత్రం జాగ్రత్త. ఏడాదికి పదిమందికి చేసేచోట ఒక్కరికి తేడా వచ్చినా అంకె తలకిందులవుతుంది, ఎన్ని ఆపరేషన్లు చేశారో కూడా చూడు. రిపోర్టు కొంచెం పాత కాలం గురించి ఉంటుంది కదా, ఈ మధ్య సర్జన్లెవరైనా మారారేమో అడుగు.

కోఆర్డినేటర్‌ని మొహమాటపడకుండా అడుగు: నాలాంటివాళ్లు మీ దగ్గర సగటున ఎన్నాళ్లు ఆగుతున్నారు, నాకోసం వచ్చిన కిడ్నీని కాదంటే నాకు చెబుతారా? రెండోదానికి సూటిగా జవాబు రాకపోతే ఇంకోచోట కూడా చూసుకో. రెండు ఆసుపత్రుల్లో పేరు పెట్టుకోవచ్చు, ఇన్సూరెన్స్ ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కో. నీ వెయిటింగ్ టైం డయాలసిస్ మొదలైన రోజు నుంచే లెక్క, ఆసుపత్రి మారితే అదంతా పోతుందేమోనని టెన్షన్ పడకు. కాకపోతే కొత్తచోట సమయం బదిలీ అయిందని కాగితం చేతికొచ్చేదాకా పాతచోట పేరు తీయించొద్దు.

ఆదివారం నేనొస్తున్నాను. మీ ఇంటి నుంచి కారులో వెళ్లగలిగిన ఆసుపత్రుల పేర్లు ఈలోగా రాసి ఉంచు, ఇద్దరం కూర్చుని ఒక్కొక్కదాని రిపోర్టూ చదువుదాం.

మీ పెద్దమ్మ