హోసూరా, చందాపురా? సరిహద్దుకు ఇటూ అటూ ఇల్లు కొనేవారి ప్రశ్నలు

బెంగళూరు దక్షిణాన ఎలక్ట్రానిక్ సిటీ దాటితే చందాపుర, అత్తిబెలె, ఆ వెంటనే తమిళనాడు. జూజువాడి దాటగానే హోసూరు. ఒకే రహదారి, 44వ నంబరు. కానీ ఇంటి కాగితాలు, పిల్లల చదువు, కరెంటు బిల్లు అన్నీ ఆ గీత దగ్గర మారిపోతాయి. ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ దాని గురించే వచ్చాయి.

ప్రశ్న: మేమిద్దరం ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగం చేస్తున్నాం. కట్టుబడిలో ఉన్న రెండు పడకగదుల ఫ్లాటు హోసూరులో 58 లక్షలు, అంతే వైశాల్యంతో చందాపురలో 70 లక్షలు చెబుతున్నారు. 12 లక్షలు ఆదా అని హోసూరు వైపు మొగ్గుతున్నాం. సరైన నిర్ణయమేనా?

బిల్డరు చెప్పిన ధరలు పక్కన పెట్టి, తాళం చేతికి వచ్చేదాకా ఎంత అవుతుందో లెక్క వేయండి. తమిళనాడులో కొత్త ఫ్లాటు తొలి అమ్మకానికి 50 లక్షల నుంచి 3 కోట్ల వరకు స్టాంపు 5 శాతం, రిజిస్ట్రేషన్ 2 శాతం, మొత్తం 7 శాతం. 50 లక్షల లోపైతే 6. కర్ణాటకలో 45 లక్షలు దాటితే స్టాంపు 5 శాతం, దానిమీద సెస్సు, సర్‌చార్జి కలిపి 5.6. రిజిస్ట్రేషన్ రుసుము 2025 ఆగస్టు 31 నుంచి 1 శాతం కాదు, 2 శాతం. అంటే మొత్తం 7.6. పాత లెక్కలు చూపించే ఏజెంట్లు ఇంకా 6.6 అనే చెబుతుంటారు, జాగ్రత్త. కట్టుబడిలో ఉన్న ఫ్లాటు కాబట్టి జీఎస్టీ రెండుచోట్లా 5 శాతం.

హోసూరు: 58 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 4.06, జీఎస్టీ 2.9. మొత్తం దాదాపు 65 లక్షలు. చందాపుర: 70, 5.32, 3.5. మొత్తం 78.8 లక్షలు. తేడా 12 కాదు, 13.86 లక్షలు. ఆ తేడా అంతా అప్పుగానే తెస్తారనుకుంటే, 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల వాయిదా నెలకు సుమారు 12,000 రూపాయలు. హోసూరు మీకు మిగిల్చేది ఇదే.

ఇప్పుడు రోడ్డు లెక్క. చందాపుర నుంచి ఆఫీసుకు ఏడు కిలోమీటర్లనుకుంటే, హోసూరు నుంచి 22. రోజూ రానూపోనూ అదనంగా 30, నెలకు 22 పనిదినాలకు 660 కిలోమీటర్లు. లీటరుకు 15 ఇచ్చే కారైతే 44 లీటర్లు. లీటరు నూరు రూపాయలుగా వేసినా 4,400. అత్తిబెలె టోలు దీనికి అదనం. ఇద్దరూ ఒకే కారులో, ఒకే వేళకు వెళ్లి వస్తే హోసూరులో కొంత మిగులు ఉంటుంది. ఇద్దరివీ వేర్వేరు షిఫ్టులై రెండు కార్లు తీయాల్సి వస్తే 8,800, రెండు టోళ్లు. ఆదా దాదాపు ఆవిరైపోతుంది. ఆపైన రోజుకు గంటకు పైగా రోడ్డు మీదే. టోలుకు ఏడాది పాసు తీసుకుందామనుకుంటే, అది 200 ట్రిప్పుల వరకే. ఒక్క ప్లాజానే రోజుకు రెండుసార్లు దాటినా 100 పనిదినాల్లో అయిపోతుంది. మీ ప్లాజాకు ఆ పాసు వర్తిస్తుందో లేదో ముందు రాజ్‌మార్గ్‌యాత్ర యాప్‌లో చూసుకోండి.

మరో మాట. 2025 ఆగస్టులో మొదలైన మెట్రో పసుపు లైను ఆర్.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా వస్తుంది, 19.15 కిలోమీటర్లు, 16 స్టేషన్లు. చందాపుర వారికి అది పక్కనే. హోసూరు దాకా పొడిగిస్తారన్నది ఇంకా కాగితం మీది మాట. దాని పేరు చెప్పి చదరపు అడుగుకు రేటు పెంచే బిల్డరుకు ఆ డబ్బు ఇవ్వకండి.

సరిహద్దుకు అవతల ఉండి ఇవతల పని చేసేవారికి ఇంకో కష్టం ఉంది. కావేరి వివాదం రగిలిన రోజుల్లో, 2016 సెప్టెంబరులోనూ 2023 సెప్టెంబరులోనూ అయినట్టు, బస్సులు సరిహద్దు దగ్గరే ఆగిపోతాయి. జూజువాడి దగ్గర దిగి నడిచి దాటి, అత్తిబెలెలో వేరే బండి వెతుక్కోవాలి. 2020 లాక్‌డౌన్‌లో ఈ-పాసు లేనిదే దాటనివ్వలేదు. ఇవి ఎప్పుడో వచ్చేవే, కానీ ఇంట్లో పసిపిల్లలుండి తల్లిదండ్రులిద్దరూ అవతలే చిక్కుకునే పరిస్థితి ఉంటే లెక్కలోకి తీసుకోవాలి.

మీ ఇద్దరి ఉద్యోగాలూ ఎలక్ట్రానిక్ సిటీలోనే కనుక మా సలహా చందాపురే. ఒకరి ఉద్యోగం హోసూరు సిప్‌కాట్ పారిశ్రామికవాడలో ఉంటే సమాధానం తిరగబడేది.

ఇక్కడే చిన్న ఫ్లాటు చూసుకునేవారికి ఒక సంగతి. కట్టుబడిలోని ఫ్లాటు పార్కింగు, ఇతర చార్జీలన్నీ కలిపి 45 లక్షలు మించకపోతే జీఎస్టీ 1 శాతమే. అయితే కార్పెట్ ఏరియా పరిమితి బెంగళూరు మహానగర పరిధిలో 60 చదరపు మీటర్లు (సుమారు 645 అడుగులు), ఇతర ఊళ్లలో 90 (968 అడుగులు). హోసూరు ఈ రెండో కోవలోకి వస్తుంది. 900 అడుగుల కార్పెట్ ఉన్న 44 లక్షల ఫ్లాటుకు హోసూరులో 44 వేలు, బెంగళూరు పరిధిలో 2.2 లక్షలు. పార్కింగుకని విడిగా రెండు లక్షలు వేసి 46 చేశారో, మొత్తానికి 5 శాతం పడుతుంది. ఆ మాట అగ్రిమెంటు రాయకముందే తేల్చుకోవాలి.

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి కోసం 30×40 సైటు కొనాలి. ఆనేకల్ వైపు పంచాయతీ ఖాతా (ఆస్తిపన్ను పుస్తకంలో నమోదు) ఉన్న సైటు చాలా చవకగా వస్తోంది. హోసూరు బాగలూరు రోడ్డులో డీటీసీపీ (తమిళనాడు పట్టణ ప్రణాళిక శాఖ) లేఅవుట్ ప్లాటు కొంచెం ఎక్కువ. ఏది మేలు?

కాగితాల స్పష్టత చూస్తే హోసూరు ప్లాటు. చవకగా వస్తున్న ఆ పంచాయతీ సైటును, కింద చెప్పినవన్నీ చూడకుండా ముట్టుకోవద్దు.

మీ మదనపల్లె లాగే హోసూరు కూడా ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోదే, సేలం జిల్లా. అందుకే అక్కడి పట్టా, ఎఫ్ఎంబీ (సర్వే కొలతల) పటం మీకు సొంత ఊరి కాగితాల్లాగే కనిపిస్తాయి. భాష మాత్రం తమిళం. ఆనేకల్ మైసూరు సంస్థానం, పహాణీ (మన అడంగల్ లాంటిది), గుంటలు అక్కడి లెక్క. ఒక గుంట 1,089 చదరపు అడుగులు, సెంటు 435.6. మీ 30×40 అంటే 1,200 అడుగులు, 133 గజాలు. తమిళనాడు పట్టాలో విస్తీర్ణం హెక్టార్లు, ఏర్లలో ఉంటుంది: ఒక ఏర్ అంటే 100 చదరపు మీటర్లు, దాదాపు రెండున్నర సెంట్లు.

ఆనేకల్ వైపు చూడాల్సినవి: గత 30 ఏళ్ల పహాణీలు, మ్యుటేషన్ నమోదులు, వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలంగా మార్చిన డీసీ (డిప్యూటీ కమిషనర్) కన్వర్షన్ ఉత్తర్వు, ప్లానింగ్ అథారిటీ మంజూరు చేసిన లేఅవుట్ నక్షా, సైట్ల విడుదల పత్రం, ఈ-ఖాతా. పంచాయతీలో ఫారం 9, 11ఎ ఉన్నాయా, 11బీ మాత్రమేనా అన్నది అసలు ప్రశ్న. 11బీ అంటే పన్ను కట్టించుకునేందుకు పుస్తకంలో రాసుకున్నారు తప్ప, లేఅవుట్‌కు అనుమతి ఉందని కాదు. ఇప్పుడు ఈ-ఖాతా లేనిదే రిజిస్ట్రేషన్ కాదు కదా, కాబట్టి రిజిస్ట్రేషన్ అయిందంటే అంతా సక్రమమే అని చాలామంది అనుకుంటున్నారు. అలా కాదు. 11బీకి కూడా ఈ-ఖాతా వస్తుంది. తర్వాత ఇంటి ప్లానుకు, బ్యాంకు అప్పుకు వెళ్లినప్పుడు తెలుస్తుంది లోటు.

దీనికంటే పెద్ద ప్రమాదం పీటీసీఎల్ భూమి. ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన భూమిని అనుమతి లేకుండా కొంటే 1978 నాటి కర్ణాటక చట్టం ప్రకారం ఆ అమ్మకం చెల్లదు. చేతులు నాలుగు మారినా భూమి అసలు కుటుంబానికే తిరిగి వెళ్లవచ్చు. పాత పహాణీలోనూ మ్యుటేషన్‌లోనూ భూమి మొదట ఎవరికి, ఎలా వచ్చిందో రాసి ఉంటుంది. అక్కడ మంజూరు అన్న మాట కనబడితే లాయరు చూసేదాకా బయానా ఇవ్వకండి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) అడిగేటప్పుడు లావాదేవీలున్నవి ఫారం 15లో, ఏమీ లేకపోతే ఫారం 16లో వస్తాయి. ఫారం 16 చేతిలో పెట్టి 'క్లియర్' అంటే, సర్వే నంబరు, హద్దులు సరిగా ఇచ్చి తీశారా అని చూడండి. తప్పు నంబరుతో తీసిన ఈసీలో లావాదేవీలు కనబడవు.

హోసూరు వైపు: డీటీసీపీ సాంకేతిక అనుమతి ఒక్కటే చాలదు, స్థానిక సంస్థ తుది అనుమతి కూడా ఉండాలి. లేఅవుట్ రోడ్లు, పార్కు స్థలం స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్‌గా రాసిచ్చారా అడగండి. ఆ డీడ్ నంబరు చెప్పలేకపోతే తుది అనుమతి రాలేదని అనుమానించండి. 2016 అక్టోబరు 20 తర్వాత అనుమతి లేని ప్లాట్లను తమిళనాడులో రిజిస్టర్ చేయడం ఆపేశారు. అంతకుముందు అమ్మిన ప్లాటైతే క్రమబద్ధీకరణ ఉత్తర్వు అడగాలి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఆ సర్వే నంబరుకు మార్గదర్శి విలువ (ప్రభుత్వం కట్టిన ధర) సున్నా చూపిస్తే అక్కడితో ఆగిపోండి. దేవస్థానం భూమి లాంటి నిషేధిత భూములకు అలా సున్నా వేస్తారు. ప్లాటుకు రిజిస్ట్రేషన్ ఖర్చు ఫ్లాటు కంటే ఎక్కువ, 9 శాతం: స్టాంపు 5, బదిలీ సుంకం 2, రిజిస్ట్రేషన్ 2. కర్ణాటకలో పంచాయతీ పరిధిలో 7.65.

కొన్నాక పట్టా మీ పేరున మారాలి. లేఅవుట్ మొత్తానికి ఒకే పట్టా ఉండి సబ్‌డివిజన్ కాకపోతే సర్వేయరు వచ్చి కొలిచి విడగొట్టాలి, ఆలస్యం అక్కడే. 'మీ ప్లాటుకు సబ్‌డివిజన్ నంబరు ఎంత?' అని బయానాకు ముందే అడగండి. 12/3 అని ఊరుకుంటే ఇంకా విడగొట్టలేదేమో. 12/3ఎ7 లాంటిది చెప్పి ఎఫ్ఎంబీ పటంలో చూపిస్తే నిశ్చింత.

చివరగా స్థలం దగ్గరికి వెళ్లే రోడ్డు. తళి, డెంకణికోట వైపూ, రాయకోట రోడ్డులో సానమావు అడవి పక్కనా చలికాలంలో ఏనుగుల మందలు రాగి చేలలోకి దిగుతాయి. ఆ వైపు లేఅవుట్లలో రాత్రిపూట తిరగాల్సిన ఉద్యోగమైతే మానుకోండి. బాగలూరు రోడ్డుకు ఆ బాధ తక్కువ.

ప్రశ్న: మా పాప కర్ణాటకలో ఏడో తరగతి చదువుతోంది, ఒకటి నుంచీ ఇక్కడే. హోసూరులో ఇల్లు కొంటే బడి మార్చాలా? ఇంజనీరింగ్ సీటుకు నష్టమా?

ఇల్లు ఏ రాష్ట్రంలో ఉందన్నది కాదు, బడి ఎక్కడుందన్నదే లెక్క. కర్ణాటక సీఈటీకి ఒకటి నుంచి పన్నెండు మధ్య కనీసం ఏడేళ్లు ఆ రాష్ట్రంలో చదివి ఉండాలి. 10 లేదా 12 కూడా అక్కడే పాసవ్వాలి. మిగతా షరతులు ఆ ఏటి బ్రోచరులో చూడండి. తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు ఎనిమిది నుంచి పన్నెండు వరకు ఐదేళ్లూ తమిళనాడులోనే చదివితే నేటివిటీ సర్టిఫికెట్ అడగరు.

అంటే మారిస్తే వచ్చే జూన్‌లో, ఎనిమిదికే మార్చాలి. లేదంటే పన్నెండు అయ్యేదాకా అత్తిబెలె వైపు బడిలోనే ఉంచాలి, బడి బస్సులు సరిహద్దు దాటి వస్తుంటాయి. తొమ్మిదిలోనో పదకొండులోనో మారిస్తే తమిళనాడు ఐదేళ్లు పూర్తి కావు, కర్ణాటక షరతూ చేజారవచ్చు. తమిళనాడులో సీబీఎస్ఈ బడుల్లో కూడా తమిళం తప్పనిసరి. ఎనిమిదిలో కొత్తగా చేరే పిల్లకు మినహాయింపు ఇస్తారా, ఏ స్థాయి పుస్తకం పెడతారు అన్నది బడివారి చేత రాయించుకోండి. నోటిమాట చాలదు. హోసూరులో తెలుగు వాడుక బజారులో, వీధిలో ఎంతైనా ఉంది, పాపకు ఆటపాటలకు లోటుండదు. పరీక్ష మాత్రం వేరు.

ఇంకొకటి: ఆంధ్రలోనో తెలంగాణలోనో ఉన్న ఎస్సీ, ఎస్టీ, బీసీ సర్టిఫికెట్‌కు వలస వెళ్లిన రాష్ట్రంలో రిజర్వేషన్ రాదు. ఆ భరోసాతో ఇల్లు ఎంచుకోకండి.

ప్రశ్న: హోసూరుకు మారితే కరెంటు, బస్సు, బండి నంబరు విషయాల్లో ఏం మారుతుంది?

కర్ణాటక గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడే ఇళ్లకు, పాత సగటు మీద పది శాతం వరకు ఉచితం. తమిళనాడులో రెండు నెలలకు ఒకసారి బిల్లు, అందులో 100 యూనిట్లు ఉచితం. ఆధార్ చిరునామా హోసూరుకు మార్చుకున్న రోజు నుంచి మహిళలకు కర్ణాటక శక్తి పథకం కింద ఉచిత బస్సు టికెట్ రాదు. రోజూ బీఎంటీసీలో వెళ్లేవారు ఆ ఖర్చు వేసుకోవాలి.

కేఏ నంబరు బండి ఏడాది దాటి తమిళనాడులో ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. ముందు పాత ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ, అప్పుపై కొన్న బండైతే బ్యాంకు లేఖ, తర్వాత హోసూరులో జీవితకాల పన్ను. కర్ణాటకలో మిగిలిన కాలానికి పన్ను వాపసు దరఖాస్తు విడిగా పెట్టుకోవాలి. కొత్త ఆర్‌సీ నకలు లేనిదే తీసుకోరు.

ప్రశ్న: నీళ్ల మాటేమిటి?

రెండువైపులా చాలా లేఅవుట్లు బోర్ల మీదే బతుకుతున్నాయి. కృష్ణగిరి, ధర్మపురి జిల్లాల్లో ఫ్లోరైడ్ సమస్య ఉన్నందుకే హొగెనక్కల్ కావేరి నీటి పథకం వచ్చింది. ఆ నీళ్లు మీ వీధికి వస్తున్నాయా, వారంలో ఎన్ని రోజులు అని పక్కింటివాళ్లను అడగండి, బిల్డరును కాదు. బోరు నీళ్లు లీటరు సీసాలో పట్టి ల్యాబుకివ్వండి: ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, 1.5 దాటితే తాగకూడదు. టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది. నమూనా ఏప్రిల్, మే నెలల్లో తీస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. వానల తర్వాత తీసిన నివేదికతో నమ్మించాలని చూస్తే, మళ్లీ వేసవిలో తీయించాకే మిగతా డబ్బు ఇస్తామని చెప్పండి.