పెట్టె తాళంచెవి ఇచ్చేటప్పుడు

చెల్లెమ్మా,

వచ్చే సమావేశంలో లీడరుగా తప్పుకుంటానని మొన్న సంఘాల సమాఖ్యలో చెప్పావు. మంచి ఆలోచన. 18 ఏళ్లు పొదుపు సంఘాన్ని మోయడమంటే మాటలు కాదు. నేను 22 ఏళ్లు మోసి దిగాను. మాది నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేక ఉద్యమం తర్వాత పుట్టిన సంఘం. 1993లో సారా పోయాక, ఇంట్లో మిగిలిన డబ్బులోంచే రోజుకు రూపాయి పొదుపు చేశాం. అంత ప్రాణంగా పెంచుకున్నాను కాబట్టే దిగేటప్పుడు తప్పులు చేశాను.

ముందు బ్యాంకు సంగతి చూడు. అక్కడ నీ సంతకం మారితేనే నువ్వు దిగినట్టు. తీర్మానం రాయించి, సభ్యులందరి చేత సంతకాలు పెట్టించి, కొత్త లీడర్ల ఆధార్, ఫోటోలు పట్టుకుని నువ్వే వెంట వెళ్లు. నేను తర్వాత చూద్దాంలే అనుకున్నాను, ఏడు నెలలు గడిచిపోయాయి. డబ్బు తీయాల్సి వచ్చినప్పుడల్లా కొత్తామె నా గడప తొక్కాల్సి వచ్చింది. పేరు ఆమెది, పెత్తనం నాది. సంఘం రెండు ముక్కలయ్యేదే.

పుస్తకాల్లో ఉన్నవి ఎవరైనా చదువుకుంటారు, నీ బుర్రలో ఉన్నవే చెప్పాలి. ఎవరి కంతు కోతలయ్యాక గానీ రాదు, ఎవరు ఆలస్యం చేసినా ఎగ్గొట్టరు, ఎవరిని నలుగురిలో అడిగితే అలిగి మానేస్తారు, ఇవన్నీ ఒక పూట కూర్చుని చెప్పు. ఇంటి గుట్లు మాత్రం చెప్పకు. నిన్ను నమ్మి చెప్పుకున్నవి నీతోనే ఉండనీ.

ఇక కూర్చునే చోటు. మా సమావేశంలో గోడవారన, క్యాలెండరు కింద, ఇనప్పెట్టె పక్కన నా చోటు. దిగిన తర్వాతి నెల కూడా అలవాటుగా అక్కడే కూర్చున్నాను. కొత్త లీడరు గుమ్మం దగ్గర, ఒళ్లో పుస్తకాలు పెట్టుకుని కూర్చుంది. అప్పు అడిగినవాళ్లంతా నా మొహం చూసే అడిగారు, నేనూ జవాబులు చెప్పేశాను. ఆ రాత్రి ఆమె మా ఇంటికొచ్చి, ‘అక్కా, నన్నెందుకు ఒప్పించావు?’ అని ఏడ్చింది. మరుసటి నెల నుంచి నేను గుమ్మం దగ్గరికి మారాను. నువ్వు మొదటి నెలే మారిపో. సభ్యత్వం మాత్రం వదలకు. అందరిలాగే పొదుపు కట్టు, అప్పు కావాలంటే అందరిలాగే అడుగు.

మన సంఘాలను చూసుకునే సీసీ (కమ్యూనిటీ కోఆర్డినేటరు) ఫోను చేస్తే కొత్తామె నంబరు ఇచ్చెయ్. కొన్నాళ్లకు ఆ ఫోన్లూ ఆగిపోతాయి. పొయ్యి దగ్గరున్నా చెవి అటే ఉంటుంది, బాధేస్తుంది. నాకు ఏడాది పట్టింది. ఆ బాధ సంఘం మీద చూపించకు, నాకు ఫోను చెయ్యి.

బ్యాంకుకు వెళ్లినప్పుడు మేనేజరు ఎదుట కుర్చీలో ఆమెను కూర్చోబెట్టు. నువ్వు వెనక నిలబడు.

నీ అక్క