పీడీఎఫ్ అడిగితే యాప్ దిగిందా?

ప్రశ్న: సిగ్నల్స్ అండ్ సిస్టమ్స్ పుస్తకం ఫ్రీ పీడీఎఫ్ అంటూ మా క్లాస్ గ్రూపులో లింక్ వచ్చింది. నొక్కితే ఒక యాప్ దిగింది. ఎస్సెమ్మెస్ పర్మిషన్ అడిగితే ఇచ్చాను. పుస్తకం మాత్రం రాలేదు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?
- ఓ బీటెక్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: ముందు ఆ ఫోన్‌లో డేటా, వైఫై రెండూ ఆపేయండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు కాల్ చేసి యూపీఐ, నెట్‌బ్యాంకింగ్ ఆపించండి. ఈమెయిల్ పాస్‌వర్డ్ కూడా ఆ ఇంకొకరి ఫోన్ నుంచే మార్చండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. యాప్ తీసేసి ఊరుకోవద్దు. ఫోటోలు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అంటే ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసి కొన్నప్పటిలా చేయడం.

సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడితే చాలు, ఇలాంటి ఉత్తరాలు వరస కడతాయి. పుస్తకం చదవడానికి మీ ఎస్సెమ్మెస్‌లతో పనేంటమ్మా? ఆ పర్మిషన్ ఇచ్చారంటే మీ ఓటీపీలు చదువుకోమని చెప్పినట్టే. యాక్సెసిబిలిటీ పర్మిషన్ ఇంకా ఘోరం. తెర మీద ఉన్నదంతా చూస్తుంది, మీ బదులు బటన్లూ నొక్కుతుంది. ఫైల్ పేరు చివర ఏపీకే అని ఉంటే అది ఆండ్రాయిడ్ యాప్, పుస్తకం కానే కాదు.

లాప్‌టాప్‌లోనూ ఇదే ప్రమాదం. ఫైల్ పేరు 'యూనిట్3.పీడీఎఫ్.ఈఎక్స్‌ఈ' (ఈఎక్స్‌ఈ అంటే నొక్కగానే నడిచే ప్రోగ్రామ్) అయినా, చివరి ముక్క దాచేసి 'యూనిట్3.పీడీఎఫ్' అని చూపించే సెట్టింగ్ చాలా లాప్‌టాప్‌లలో కొన్నప్పుడే ఆన్‌లో ఉంటుంది. ఏళ్లు గడిచినా కంపెనీలు దీన్ని మార్చకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. ఆ చివరి ముక్కలు, అంటే ఫైల్ ఎక్స్‌టెన్షన్లు, కనిపించేలా ఈరోజే మార్చుకోండి.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకొకటి ఉంది. మీకు కావాల్సిన పాఠాలు దొడ్డిదారిన వెతుక్కోవాల్సినవి కావు. ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఈ సబ్జెక్టు మొత్తం ఉంది. ఎన్‌పీటెల్ అనగానే మనవాళ్లకు సర్టిఫికెట్, పరీక్ష ఫీజు గుర్తొస్తాయి. ఫీజు పరీక్షకే, పాఠాలకు రూపాయి కట్టక్కర్లేదు. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ తన పాఠాలు పెట్టే సైట్ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఇదే సబ్జెక్టు వీడియోలు లాగిన్ కూడా లేకుండా చూడొచ్చు. లెక్కలు, ఫిజిక్స్ పుస్తకాలైతే అమెరికాలోని రైస్ యూనివర్సిటీ నడిపే ఓపెన్‌స్టాక్స్‌లో పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. మీ సిలబస్‌లోని ప్రతి పుస్తకమూ ఇలా దొరకదు, నిజమే. చాలామంది ఆ దొరికేవాటి దాకా కూడా వెళ్లడం లేదు.

ఫ్రీ వేరు, ఓపెన్ వేరు. గ్రూపుల్లో తిరిగే ఒక స్కాన్ కాపీని ఓ పాఠకుడు నాకు పంపారు. అందులో ఫోరియర్ సమీకరణం సగం మీద స్కాన్ చేసినవాళ్ల బొటనవేలు పడింది. అది ఫ్రీగా వచ్చింది, కానీ పంచుకునే హక్కు ఎవరూ ఇవ్వలేదు. ఎంఐటీ పాఠాలకు క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ ఉంది. మూలం పేరు చెప్పి, అమ్ముకోకుండా, అదే లైసెన్స్‌తో వాటిని మీరు తెలుగులోకి మార్చి క్లాసంతటికీ ఇవ్వొచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు.

ఈ సంగతి మొదటి సంవత్సరంలోనే చెప్పాల్సింది లెక్చరర్లు, లైబ్రేరియన్లు. లైబ్రరీ కార్డు ఇచ్చే రోజునే ఈ మూడు సైట్లూ తెరిచి చూపించడానికి పావుగంట చాలు. సిలబస్ కాగితం మీద ఒక్కో యూనిట్ పక్కన ఒక్కో లింక్ వేస్తే, ఏ పిల్లా ముక్కూమొహం తెలియని లింక్ నొక్కదు.

రీసెట్ అయ్యాక ఎన్‌పీటెల్ తెరవండి. వీడియోలతోపాటు ట్రాన్స్‌క్రిప్ట్ పీడీఎఫ్‌లు ఉంటాయి, కొన్ని కోర్సులకు తెలుగులోనూ ఉన్నాయి. దించుకుంటే బస్సులో నెట్ లేకుండా చదువుకోవచ్చు.